చీటీలో బయట, గదిలో లోపల

ఒకటి కొట్టాలా, రెండు కొట్టాలా. భోజనాల వేళ నుంచీ ఇదే. కంప్యూటర్ తెర మీద మనుషులందరూ గళ్ళు గళ్ళుగా కూర్చున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో అడ్డవరుస, అందరి గళ్ళూ నిండాయి, ఒకావిడ గడి ఒక్కటి తప్ప. ఆ గడిలో సన్నని గీత వెలుగుతూ ఆరుతూ నా మొహంలోకి చూస్తోంది. ఒకటి అంటే ప్రార్థన గదిలో కూర్చున్నవాళ్ళు, రెండు అంటే బయట హాలు కుర్చీల్లో ఉండిపోయినవాళ్ళు, ఇంతకన్నా తేలికైన ప్రశ్న చిన్నపిల్లల పలక మీద కూడా ఉండదు. గోడకి అవతల మా గైడు మేడమ్ క్లాసు చెబుతున్నారు, మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది, మధ్యమధ్య సుద్దముక్క బోర్డుని పొడిచిన చప్పుడు. గంట కొట్టగానే ఇటే వస్తారు. వచ్చి, ఏం తేల్చావమ్మా అంటారు. ఒకటి కొట్టి చూశాను, సున్నా పాయింటు సున్నా నాలుగు వచ్చింది. చెరిపి రెండు కొట్టాను, సున్నా పాయింటు పదకొండు. మళ్ళీ చెరిపాను. సున్నా పాయింటు సున్నా ఐదు అనేది మా చదువులో గడప లాంటిది, దాని కిందికి దిగితే గదిలో కూర్చున్నవాళ్ళకి ఆందోళన తక్కువగా ఉందని గట్టిగా రాసుకోవచ్చు, దిగకపోతే ఆ మాట అనకూడదు. వరసల నిండా ఇంతమంది ఉండి ఏం లాభం, తక్కెడ ముల్లు ఆ ఒక్క మనిషి దగ్గర ఆగింది. ఆవిడని ఇటు పెడితే గది ఉంటుంది, అటు పెడితే పోతుంది.

పోతుందంటే నిజంగానే పోతుంది. ఆసుపత్రి సూపరింటెండెంటు గారు మంచాయనే, మొహం మీద చిరునవ్వు చెదరకుండానే చెప్పారు, "మీ చదువేదో చదివి, ఆ గదివల్ల పదిమందికి మేలని చూపించండమ్మా, ఉంచేద్దాం. లేదంటారా, మందుల పెట్టెలకి చోటు లేక మెట్ల కింద పెట్టుకుంటున్నాం, మీకూ తెలుసు కదా." తెలుసు. ఆ మెట్ల కిందే కదా నేను నిలబడింది, మా అత్తయ్యకి ఆపరేషన్ అయిన రోజుల్లో. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరో ఒకరు, అమ్మా కాస్త పక్కకి, స్ట్రెచర్ వస్తోంది అనేవాళ్ళు. పక్కకి జరిగితే అక్కడ బకెట్. దేవుడితో రెండు మాటలు కుదురుగా చెప్పుకునే చోటు అంత పెద్ద ఆసుపత్రిలో లేకపోయింది. నాలాగే గోడల వైపు తిరిగి నిలబడ్డ ఆడవాళ్ళని చూసి, మనం ఒక గది అడుగుదాం అన్నాను, అడిగాం, ఇచ్చారు, హాలు చివర ఖాళీగా పడి ఉన్న చిన్న గది. అందులో బొమ్మ లేదు, పటం లేదు, ఎవరి దేవుడు వాళ్ళ కళ్ళ వెనకాల ఉంటాడని వదిలేశాం. నాలుగు చాపలు, ఒక ఫ్యాను. అత్తయ్య లేచి తిరిగింది. నేను మాత్రం ఆ గది వదల్లేకపోయాను, వారానికి మూడు నాలుగు సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటాను, వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. ఆ మాట్లాడేటప్పుడే, నేను చేస్తున్నది ఏమిటి, దీనికి ఒక చదువు ఉంటుందేమో అనిపించి, ఇంత వయసొచ్చాక మనస్తత్వశాస్త్రం ఎం.ఏ.లో చేరాను. పిల్లల పుస్తకాల పక్కన నా పుస్తకాలు. మనసు గురించి చెబుతారనుకుంటే సగటు గురించి చెప్పారు, సగటు నుంచి ఎవరెంత దూరంగా ఉన్నారో దాని గురించి చెప్పారు, అర్థమయ్యేలోపే దాని వర్గమూలం తీయమన్నారు.

మొదటి క్లాసులోనే మేడమ్ బోర్డు మీద ఇంత సున్నా గీశారు. పరిశోధన చేసేవాళ్ళు ముందుగా తేడా ఏమీ లేదు అనుకుని మొదలుపెట్టాలట. దాన్ని శూన్య పరికల్పన అంటారట. ఆ అనుకున్నది వదులుకోక తప్పనంత సాక్ష్యం దొరికితేనే వదులుకోవాలి, దొరక్కపోతే వదులుకోలేకపోయాం అని రాయాలి. అంతేగానీ, తేడా లేదని తేలిపోయింది అని రాయకూడదు. నేను చెయ్యెత్తి, మరి ఉన్నట్టా లేనట్టా అండీ అని అడిగితే క్లాసంతా నవ్వింది, మేడమ్ మాత్రం నవ్వలేదు, "చెప్పలేం అనడం నేర్చుకోవాలమ్మా, దానికే రెండేళ్ళు పడుతుంది" అన్నారు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "మా ఆఫీసులో ప్రమోషన్ లాంటిదన్నమాట, ఇస్తామనరు, ఇవ్వమనరు" అని పేపరు తిప్పుకున్నారు. అత్తయ్య వంటింట్లోంచి వింటూనే ఉంది, "దేవుడున్నాడా లేడా అని కంప్యూటర్‌ని అడుగుతోందిట్రా నీ పెళ్ళాం. అది మాత్రం ఏం చెబుతుంది, పాపం, దానికి కరెంటు పోతే దిక్కెవరు?" అంది. అది కాదు అత్తయ్యా, దేవుడి గురించి కాదు, మనుషుల ఆందోళన గురించి అని చెప్పాను. చెప్పాను గానీ అది నిజమేనా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాడు అనుకుని మొదలుపెట్టినదాన్ని, పొయ్యి వెలిగించేముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోకపోతే ఆ రోజు కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడదు నాకు, అలాంటిదాన్ని లేదు అనుకుని మొదలుపెట్టమంటే, ఎడమచేత్తో అన్నం తిన్నట్టు ఉంది. అయినా తిన్నాను. తినగా తినగా ఆ చెయ్యీ కొంచెం అలవాటవుతోంది, అదే భయం.

చీటీలు వెయ్యమన్నది మేడమే. గదిలోకి తమంతట తాము వచ్చేవాళ్ళు వేరు, రానివాళ్ళు వేరు, వాళ్ళ స్వభావమే వేరు కావచ్చు, వాళ్ళ రోగుల పరిస్థితే వేరు కావచ్చు, అప్పుడు గది చేసిన పని ఏదో, వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నది ఏదో ఎలా విడదీస్తావు అన్నారు. నిజమే. అందుకని రావాలనుకునే వాళ్ళందరికీ చీటీలు, సగం మంది ఇవాళే లోపలికి, సగం మంది వారం ఆగి లోపలికి. ఎవరికీ లేదనడం లేదు, ఆగమంటున్నాం అంతే, అని నాకు నేను పదిసార్లు చెప్పుకున్నాను. వారం చివర రెండు గుంపుల ఆందోళననీ ఒకే ప్రశ్నలతో కొలుస్తాం, తర్వాత బయటి వాళ్ళూ లోపలికి వస్తారు. స్టీలు డబ్బాలో మడతపెట్టిన చీటీలు వేసి హాల్లో తిప్పుతుంటే, ఏం బహుమతమ్మా, ఫ్రిజ్జా అని ఒకాయన. ఇంకొకాయనకి బయట అని వస్తే, "హమ్మయ్య, కళ్ళు మూసుకుంటే నాకు గురకొస్తుంది, దేవుడు కూడా జడుసుకుంటాడు" అన్నాడు. ఐసీయూ తలుపు ఎదురుగా కూర్చుని మనుషులు ఎలా నవ్వుతారో, అది కొలిచే ప్రశ్నలు మాకు ఇంకా చెప్పలేదు.

ఆవిడ రెండో వరస కుర్చీలో కూర్చునేది. భర్త ఐసీయూలో ఉన్నాడు. చీటీ విప్పి చూసుకుని నాకే చూపించింది, ఇదేమిటన్నట్టు. బయట అని ఉందండీ, వారం ఆగి రావచ్చు అన్నాను. "వారమా?" అంది. గొంతు ఏమీ పెంచలేదు. "వారం తర్వాత నాకీ గదితో పని ఉంటుందని నీకెవరు చెప్పారమ్మా?" నేను చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్నకి జవాబు ఉండే ఉంటుంది. తలుపు తీశాను. ఎలా తీశానో ఆలోచించలేదు, ఇంటికొచ్చిన మనిషికి తలుపు తీసినట్టే తీశాను. ఆవిడ వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది, కళ్ళు మూసుకోలేదు, పెదవులు కదపలేదు, ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత కూడా రోజూ వచ్చింది. మర్నాడే వచ్చి మేడమ్‌కి చెప్పేశాను. తిడతారనుకున్నాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తలుపు తీసినందుకు నేనేమీ అనను. నేనైనా తీసేదాన్నేమో. కానీ లెక్కలో ఆవిడని ఎక్కడ పెట్టాలో నువ్వే తేల్చు. తేల్చి, ఎందుకో చెప్పు. నేను చెబితే అది నా పరిశోధన అవుతుంది" అన్నారు. తిట్టినా బాగుండేది.

"ఇంకా ఆ గడి దగ్గరే ఉన్నారా అక్కా?" చకచక వచ్చి పక్క కుర్చీ లాక్కుంది. మా బ్యాచ్ పిల్ల, వేళ్ళు కీబోర్డు మీద చకచకా పరిగెడతాయని తనకి చకచక అనే పేరు పెట్టాం. మొదట్లో నన్ను ఆంటీ అనేది, నా అసైన్‌మెంట్ చూసి రాసుకున్న రోజు నుంచి అక్కనయ్యాను.

"లోపలే కదా కూర్చుంది ఆవిడ? ఒకటి కొట్టెయ్యండి, పీడా పోతుంది."

"చీటీ బయటకి పడింది కదే. చీటీ ఎటు పడితే ఆ లెక్కలోనే ఉంచాలని పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన వచ్చి చాప మీద కూర్చున్నాడా ఏంటి? పోనీ ఆవిణ్ణి మొత్తానికే తీసెయ్యండి."

"తీసేస్తే ఆరు వస్తోంది. సున్నా పాయింటు సున్నా ఆరు."

"అయ్యో, గడప మీద కూర్చుంది!" అని నవ్వింది. "అయితే ఆడవాళ్ళని వేరుగా, మగవాళ్ళని వేరుగా చేసి చూద్దాం. లేకపోతే నలభై దాటినవాళ్ళు, దాటనివాళ్ళు. ఏదో ఒక చోట తగుల్తుందక్కా. నాకు ఏడోసారికి తగిలింది."

"తగిలిందాకా అడిగితే ఎవరైనా ఔననే అంటారే."

"మీరు మా అమ్మలాగే మాట్లాడతారు," అని విసుక్కుని, మళ్ళీ గొంతు తగ్గించి, "మీ గది కోసమే చెప్పాను" అంది. అని లేచి వెళ్ళింది.

నా గది కోసమే. ఆ మాటే లోపల తిరుగుతోంది. దేవుడి పనికి ఒక అంకె అటుదిటు అయితే పాపమా. ఆవిడ లోపల కూర్చున్న మాట అబద్ధం కాదు, నేను చూశాను. బయట అని చీటీ వచ్చిన మాటా అబద్ధం కాదు, అదీ చూశాను. రెండు నిజాలూ ఒకే గడిలో పట్టవు, గడి ఒక్క అంకెనే తీసుకుంటుంది, ఒకటిన్నర కొడితే గొడవ పెడుతుంది, కొట్టి కూడా చూశాను. సాయంత్రం నేను వెళ్ళేసరికి చాపల మీద కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తారు, ఏమైందమ్మా, ఉంచుతారటా. వాళ్ళకి గడప గురించి ఏం చెప్పను. ఒక మనిషి వల్ల పోయిందని చెప్పనా. ఏ మనిషి అంటే. ఇక్కడికి వచ్చేసరికి ఆలోచన పక్కకి తప్పుకుంటోంది, మధ్యాహ్నం నుంచీ ఇక్కడే తప్పుకుంటోంది, కాలికి ముల్లు గుచ్చుకున్న చోట నేల మీద ఆనించకుండా నడిచినట్టు.

ఆవిడ జవాబులన్నీ సున్నాలు. అన్ని ప్రశ్నలకీ అసలు లేదు, అసలు లేదు, అసలు లేదు. వరసలన్నిటిలోకీ అంత తక్కువ ఆందోళన ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ముల్లు ఆవిడ దగ్గర ఆగిందీ అందుకే. చకచక ఆ వరస చూసి, ఈవిడెవరక్కా, సన్యాసినా అంది. నేను నవ్వేశాను. ఎందుకు నవ్వానో. వారం ముగిసే రోజు పొద్దున్నే ఆవిడ భర్త పోయాడు. నేను వెళ్ళేసరికి కాగితాల కౌంటరు దగ్గర బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది, ఎవరో బండి కోసం వెళ్ళారట. పక్కన కూర్చున్నాను. నా చేతిలో ప్రశ్నల కాగితాలు ఉన్నాయని నాకే తెలియలేదు, ఆవిడే చూసింది. ఇటివ్వు, మాటిచ్చాను కదా అంది. వద్దండీ, ఇప్పుడు వద్దు అన్నాను. "ఖాళీగానే ఉన్నా కదమ్మా" అని లాక్కుంది. ఏం జరుగుతుందోనని భయంగా ఉందా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆపి, నాకు కాదు, కాగితానికే చెప్పినట్టు, "ఏం జరుగుతుందోనని లేదు. జరిగిపోయింది" అని సున్నా దగ్గర టిక్కు పెట్టింది. నిద్రలో ఉలిక్కిపడుతున్నారా. నిద్రపోలేదు కాబట్టి ఉలిక్కిపడలేదు, సున్నా. గుండె దడగా ఉందా. చెయ్యి గుండె మీద పెట్టుకుని చూసుకుంది, నిజంగా చూసుకుంది, సున్నా. ఒక్క అబద్ధం రాయలేదు. కాగితం నాకిచ్చి, "ఆ గదిలో చల్లగా ఉంటుందమ్మా" అంది. అంతే. బండి వచ్చింది.

చల్లగా అంటే ఏమిటి. మనసుకా, ఒంటికా. హాల్లో ఫ్యాన్లు సరిగ్గా తిరగవు, గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది, మేడమ్ ఎప్పుడూ అడిగే మాట ఉంది కదా, ఇంకో కారణం ఉందేమో చూశావా అని. ఉంది, దానికి మూడు రెక్కలు. దేవుడిదా, ఫ్యానుదా ఈ చలువ, లేకపోతే నలుగురు పక్కన కూర్చోవడందా. ఇంట్లో అడిగితే, ఫ్యానుని తిప్పేది ఎవరే అంటుంది అత్తయ్య. అది జవాబేనా. చిన్నప్పుడైతే అది జవాబే నాకు. ఇప్పుడు జవాబులా వినిపిస్తూనే, ఒక మూల వదులుగా ఆడుతోంది, ఊగే పన్నులా, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతోంది. అందుకు నాకు కోపం రావడం లేదు, అదీ వింతే. ఆవిడ కోసం దేవుణ్ణి రోజూ అడిగాను నేను. పొద్దున పొయ్యి దగ్గర, సాయంత్రం చాప మీద, రెండో వరస కుర్చీ ఆవిడ మనిషిని నిలబెట్టు అని. నిలబెట్టలేదు. ఎందుకు నిలబెట్టలేదు అని నేనడగను, అడిగే చదువు కాదు నాది. కానీ నిలబెట్టకపోగా వచ్చిన సున్నాలని పోగేసి, ఇదిగో చూడండి, గది వల్ల ఎంత నెమ్మదో అని సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టమంటే. ఒకటి కొడితే జరిగేది అదే కదా. ఆవిడ పోగొట్టుకున్నదాన్ని తెచ్చి దేవుడికి మార్కులు వేయించడం. దేవుడు అడిగాడా ఆ మార్కులు. ఆయన మొహం ఎలా పెట్టుకుంటాడో అనిపించి, ఇంతసేపటికి మొదటిసారి నాకు సిగ్గేసింది, ఆయన తరఫున.

అయితే రెండు కొట్టడం మాత్రం న్యాయమా. రెండు కొడితే బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నిశ్చింతగా ఉన్నట్టు లెక్క వస్తుంది, వాళ్ళు ఎంత నిశ్చింతగా ఉన్నారో చూసినదాన్ని నేను, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునే నిద్రపోతారు, పిలిస్తే పరిగెత్తాలని. తీసేస్తే? ఖాళీగానే ఉన్నా అని రాసిచ్చిన మనిషిని, నువ్వు లెక్కలోకి రావు పొమ్మనడం. ఎటు పెట్టినా ఆవిడ ఇమడదు. ఇమడని మనిషిని నేను ఇముడుస్తున్నాను, అంతే. మరి చీటీ? చీటీకి ఏమీ తెలియదు. భర్త ఉంటాడో పోతాడో తెలియదు, గది ఉండాలని నాకు ఎంత ఉందో తెలియదు, నేను తలుపు తీస్తానని తెలియదు. ఏమీ తెలియనప్పుడు పడింది. అందుకే వేశాం దాన్ని. తర్వాత జరిగినవన్నీ నా చేతిమీదుగా జరిగాయి, తలుపు తీసిన చెయ్యే ఇప్పుడు గడి కూడా నింపుతానంటే, చెయ్యి మంచిదే కావచ్చు, కానీ దానికి ఏం కావాలో దానికి బాగా తెలుసు. గోడ అవతల సుద్దముక్క చప్పుడు ఆగింది. బెంచీలు జరిగాయి. ఇది సరైన కారణమో, దొరికిన కారణమో, ఇంకో గంట ఉంటే ఇంకోలా అనిపించేదేమో. రెండు కొట్టాను. పదకొండు.

గంట కొట్టారు. మేడమ్ చేతుల సుద్ద దులుపుకుంటూ వచ్చారు, తెర చూశారు, ఆవిడ వరస మీద వేలు పెట్టి చివరిదాకా లాగారు.

"అన్నీ సున్నాలేంటమ్మా? చదవకుండా టిక్కులు పెట్టేసిందా?"

చెప్పాను. బెంచీ గురించి, గుండె మీద చెయ్యి గురించి. మేడమ్ పక్క కుర్చీలో, ఇందాక చకచక లాగి వదిలేసిన దాంట్లో, మెల్లిగా కూర్చున్నారు.

"ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నలే ఇస్తున్నాను పిల్లలకి," అన్నారు. "సున్నా వస్తే నెమ్మది అని రాయిస్తున్నాను." తెర మీద వేలితో తట్టి, "పరిమితులు అని ఆఖర్న ఒక భాగం ఉంటుంది కదా, అందులో రాయి. ఆందోళన లేదు అన్న జవాబుకి నెమ్మదిగా ఉన్నారని అర్థం కాకపోవచ్చు అని. మొదటి వాక్యం అదే పెట్టు."

"అలాగేనండీ."

"గది వల్ల తేడా ఉందని చెప్పలేం. అంతే కదా తేలింది?"

"లేదని కూడా చెప్పలేం కదండీ."

మేడమ్ మొహంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. "రెండేళ్ళు పట్టలేదు నీకు," అన్నారు. "మరి సూపరింటెండెంటు గారి దగ్గరకి ఏం పట్టుకెళ్తావు? ఈ పదకొండా?"

"అదే పట్టుకెళ్తానండీ. చూపించి, తేలలేదని చెప్పి, అయినా గది ఉంచమని అడుగుతాను. నాకు కావాలి, ఆ కూర్చునేవాళ్ళకి కావాలి అని."

"ఆయన ఆధారం ఏదమ్మా అంటారు. అప్పుడు?"

కంప్యూటర్ ఆపేశాను. తెర నల్లబడి, అందులో మా ఇద్దరి మొహాలు పక్కపక్కన కనిపించాయి, స్పష్టంగా లేవు.

"ఆధారం లేకుండా అడగడం నాకు అలవాటేనండీ," అన్నాను.